సైకిల్ తాళం: ఎంపిక, వాడకం, సంరక్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అనే సామెత పుట్టింది సైకిళ్ళ కోసం కాదు గానీ, సైకిల్ పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది కథ అదే. తాళం ఉంది, వేశారు కూడా. కాకపోతే ఫ్రేమ్‌కి కాదు, ముందు చక్రానికి. లేదంటే ఫ్రేమ్‌కే వేశారు, కానీ కట్టిన గొట్టం పైకి లాగితే ఊడొచ్చేది. అందుకే ఏ తాళం కొనాలన్నదానితో పాటు, దాన్ని ఎలా వేయాలన్నది కూడా కాస్త తీరిగ్గానే చెప్పాను.

తెంచలేని తాళం అంటూ ఏదైనా ఉందా?

లేదు. పనిముట్టు, తీరిక రెండూ ఉన్నవాడికి ఏ తాళమైనా లొంగుతుంది. తాళం చేసే పనల్లా దొంగను ఆలస్యం చేయడం, వాడిచేత చప్పుడు చేయించడం, నలుగురి కళ్ళలో పడేయడం. కాబట్టి "ఏది గట్టిది?" అని అడిగే ముందు "నా సైకిల్ ఎక్కడ ఉంటుంది? ఎంతసేపు? ఎవరి కంటికి కనబడుతూ?" అని అడుక్కోండి. కళ్ళెదుటే ఐదు నిమిషాలు ఆపే సైకిల్‌కి సరిపోయే తాళం, రాత్రంతా వీధిలో ఉండే సైకిల్‌కి చాలదు.

వచ్చేవాళ్ళూ ఒక రకం కాదు. ఒకడు వట్టిచేతులతో వస్తాడు, తాళం లేని సైకిల్ కనిపిస్తే ఎక్కి పోతాడు. రెండోవాడి సంచిలో కటింగ్ ప్లేయరో, చిన్న బోల్ట్ కట్టరో ఉంటుంది. మూడోవాడి దగ్గర పొడవాటి బోల్ట్ కట్టర్, బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండర్ ఉంటాయి. మొదటివాణ్ణి ఆపడానికి ఏదైనా చాలు. మంచి తాళం కొనేది రెండోవాడి కోసం. మూడోవాడి విషయంలో తాళం ఒక్కటే చాలదు, సైకిల్ పెట్టిన చోటు కూడా కలిసిరావాలి.

ఏయే రకాలున్నాయి? నాకేది సరిపోతుంది?

ఒక్క తాళమే కొనగలిగితే యూ-లాక్ కొనండి. కొందరు దీన్నే డి-లాక్ అంటారు. గట్టిపరచిన ఉక్కు కడ్డీని యూ ఆకారంలో వంచి, దాని నోటికి అడ్డంగా ఇంకో కడ్డీ బిగిస్తారు. మోసే బరువుకి తగ్గ భద్రత అన్నిటికంటే ఇందులోనే ఎక్కువ. చిక్కల్లా అది వంగదు. లావుపాటి స్తంభం చుట్టూ పట్టదు.

లావు గొలుసు దేని చుట్టూ అయినా తిరుగుతుంది, కానీ బరువు. 14 మిల్లీమీటర్ల లింకులతో మీటరు పొడవు గొలుసంటే 4 కిలోల పైమాటే. రోజూ సైకిల్ ఆపే ఒకే చోట వదిలేసి ఉంచడానికి అది బంగారం, మోసుకు తిరగడానికి శిక్ష. లింకు కడ్డీ గుండ్రంగా కాకుండా పలకలుగా ఉంటే కట్టర్ నోటికి అంత తేలిగ్గా అందదు.

మడత తాళాలు ఈ రెండిటికీ మధ్యస్థం. ఉక్కు పట్టీలను రివెట్లతో కలిపి వడ్రంగి మడత స్కేలులా చేస్తారు. ఫ్రేమ్ మీద పొందిగ్గా కూర్చుంటాయి. వీటి బలహీనత ఆ రివెట్ల దగ్గరే ఉంటుంది.

ఇక కేబుల్ తాళం. ఓసారి నా పాత కేబుల్ తాళాన్ని కావాలనే కోసి చూశాను. పైకి బొటనవేలంత లావు. ప్లాస్టిక్ ఒలిచేస్తే లోపల మెలితిప్పిన తీగల కట్ట పెన్సిలంత కూడా లేదు. అరచేతిలో పట్టే చిన్న కేబుల్ కట్టర్‌తో నాలుగు నొక్కులు నొక్కాను, అంతే. పుటుక్కు పుటుక్కుమని తీగలు తెగిన చప్పుడు పక్కగదిలోకి కూడా వినబడి ఉండదు. అప్పటినుంచి కేబుల్‌ని ఫ్రేమ్‌కి ఎప్పుడూ నమ్మలేదు. పెద్ద తాళానికి తోడుగా చక్రాన్ని, హెల్మెట్‌ని కట్టుకోవడానికైతే పనికొస్తుంది.

వెనక చక్రం మీద ఫ్రేమ్‌కే బిగించి ఉండే రింగ్ తాళం చాలా సౌకర్యం. చెవి తిప్పితే కడ్డీ చువ్వల మధ్యకు దూరుతుంది, చక్రం కదలదు. కానీ సైకిల్ దేనికీ కట్టి ఉండదు కదా, భుజాన వేసుకుని పోవచ్చు. దుకాణం ముందు రెండు నిమిషాలు ఆగడానికి సరే.

కడ్డీ ఎంత లావు ఉండాలి?

10 మిల్లీమీటర్ల లోపు ఉన్నదేదైనా చేతి బోల్ట్ కట్టర్‌కి భయపడాల్సిందే. 13, 14 మిల్లీమీటర్ల గట్టిపరచిన ఉక్కు వచ్చేసరికి మామూలు కట్టర్లు చేతులెత్తేస్తాయి, మీటరు పొడవున్న పెద్దవి కావాలి. 16 దాటితే చేతి కట్టర్ల గొడవ దాదాపు ఉండదు.

లావు ఒక్కటే చూసి మోసపోకండి. మెత్తటి ఇనుముతో చేసిన లావు కడ్డీ కంటే గట్టిపరచిన ఉక్కుతో చేసిన సన్నది నయం. కొలిచేటప్పుడు రబ్బరు తొడుగు కలుపుకుని కొలవద్దు. యూ-లాక్‌లో ఇంకోటి చూడాలి: అడ్డ కడ్డీ లోపల యూ రెండు కాళ్ళకూ బిగింపు ఉందా, ఒక కాలికేనా? రెండు కాళ్ళూ బిగిస్తే, యూని ఒకచోట కోసి తిప్పి తీసేయడం కుదరదు. రెండు చోట్ల కోయాలి. దొంగ పని రెట్టింపవుతుంది.

డబ్బా మీద రేటింగులు నమ్మవచ్చా?

ఎవరిచ్చారన్నది చూడండి. కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న అంకె వేరు, బయటి సంస్థ పరీక్షించి ఇచ్చింది వేరు. ఒక కంపెనీ స్కేలు 10 వరకు ఉంటుంది, ఇంకో కంపెనీది 15 వరకు. ఇక్కడి 9ని అక్కడి 9తో పోల్చడానికి లేదు. ఒకే కంపెనీ తాళాలను వాటిలో వాటిని పోల్చుకోవడానికి మాత్రమే ఆ అంకెలు.

బయటి సంస్థల్లో బాగా పేరున్నది బ్రిటన్‌లో 1992లో మొదలైన సోల్డ్ సెక్యూర్. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ఆ పైన డైమండ్ అని ముద్ర వేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ అనే సంస్థ నక్షత్రాలిస్తుంది. మీరెక్కడున్నా ఈ ముద్రలు ఒక కొలమానంగా పనికొస్తాయి. సైకిల్‌కి బీమా ఉంటే ఏ ముద్ర ఉన్న తాళం వాడాలో పాలసీలో రాసి ఉండొచ్చు. కొనకముందే అది చదువుకోండి, రసీదు దాచుకోండి.

సైకిల్ ధరలో పదో వంతు తాళానికి పెట్టాలంటారు, నిజమేనా?

గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ నాకా లెక్క నచ్చదు. పాత సైకిలే అయినా, రోజూ పనికి వెళ్ళడానికి అదే దిక్కైతే పోయిన మర్నాడు మీ నష్టం దాని ధరతో తేలదు. ఖరీదైన సైకిల్ ఉన్నా ఎప్పుడూ గదిలోనే పెట్టుకునేవాళ్ళకు అంత తాళం అక్కర్లేదు.

యాంగిల్ గ్రైండర్‌కి తట్టుకునే తాళాలు వచ్చాయట కదా?

వచ్చాయి. మామూలు యూ-లాక్‌ని గ్రైండర్ నిమిషంలోపే కోసేస్తుంది. హిప్‌లాక్ డి1000, లైట్‌లాక్ ఎక్స్1 లాంటివి మాత్రం కోసే చక్రాన్నే అరగదీస్తాయి. ఉక్కు చుట్టూ ఉండే మిశ్రమ పదార్థం రాపిడికి డిస్కును తినేస్తుంది. దొంగ డిస్కులు మార్చుకుంటూ, నిప్పురవ్వలు చిమ్ముకుంటూ నిమిషాల తరబడి కూర్చోవాలి. అసలు తెగవని కాదు. ధర, బరువు రెండూ ఎక్కువే. ఖరీదైన ఎలక్ట్రిక్ సైకిల్‌ని రోజూ బయట వదలక తప్పనివాళ్ళకు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. మిగతావాళ్ళకు మంచి యూ-లాక్, మంచి చోటు చాలు.

నంబరు తాళం మంచిదా, చెవి ఉన్నదా?

చెవి ఉన్నది. నంబరు తాళంలో చెవి పోతుందన్న బెంగ లేదు నిజమే, కానీ చవకవాటిలో తాళాన్ని కాస్త లాగిపట్టి అంకెల చక్రాలు ఒక్కొక్కటే తిప్పుతుంటే సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలిసిపోతుంది. నాలుగు అంకెలంటే పదివేల నంబర్లు కదా అనుకుంటాం. ఇలా పట్టేవాడికి అవి నలభై ప్రయత్నాలే. పైగా చాలామంది ఒక్క చక్రాన్ని ఒక్క గడి జరిపి వెళ్ళిపోతారు. నంబరు తాళమే వాడాలనుకుంటే, వేసిన ప్రతిసారీ చక్రాలన్నీ కలగాపులగంగా తిప్పేయండి.

పెన్నుతో తెరిచే తాళాలున్నాయని విన్నాను. నిజమా?

నిజమే. 2004లో అమెరికాలో పెద్ద గొడవైంది. గుండ్రటి గొట్టం లాంటి చెవి ఉండే యూ-లాక్‌లు అప్పట్లో పేరుమోసిన బ్రాండ్లవి కూడా ఉండేవి. చవకరకం బాల్‌పెన్ను వెనక గొట్టాన్ని ఆ రంధ్రంలోకి నొక్కి తిప్పితే తెరుచుకుంటున్నాయని వీడియోలు వచ్చాయి. పెన్ను ప్లాస్టిక్ లోపలి పిన్నుల ఆకారానికి నలిగి, తనే చెవి అయిపోయేది. క్రిప్టోనైట్ కంపెనీ అలాంటి తాళాలను వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చింది. ఇప్పుడు మంచి తాళాల్లో చదునైన చెవి, డిస్క్ సిలిండర్ (చెవి దూరే గుండ్రటి భాగంలో పిన్నుల బదులు తిరిగే బిళ్ళలు ఉండేది) ఉంటాయి. ఎవరైనా పాత యూ-లాక్ ఇస్తే ముందు చెవి చూడండి. గుండ్రంగా, బోలుగా ఉంటే దండం పెట్టి తిరిగిచ్చేయండి.

వీడియోల్లో ఎవరో నిమిషంలో పిన్నుతో తెరిచేస్తున్నారు. నా తాళం పనికిరానిదేనా?

అది విద్య, ఏళ్ళ సాధన. వీధిలో సైకిల్ ఎత్తుకుపోయేవాడికి అంత ఓపిక ఉండదు, కోయడమో విరగ్గొట్టడమో చేస్తాడు. మరీ చవకవాటి సంగతి వేరు, వాటిని తెరవడానికి విద్య కూడా అక్కర్లేదు.

సరే, తాళం వేయడం ఎలా?

మొదటి సూత్రం: తాళం లోపల మూడు ఉండాలి. ఫ్రేమ్, ఒక చక్రం, కదలని ఆధారం. ఫ్రేమ్ లేకపోతే చక్రం ఒక్కటే స్తంభానికి వేలాడుతుంది. నా స్నేహితుడొకాయనకు సరిగ్గా అదే జరిగింది. సాయంత్రం వచ్చి చూస్తే తాళం భద్రంగా ఉంది, చక్రమూ భద్రంగా ఉంది. మిగతా సైకిల్ లేదు. ముందు చక్రం లివర్ తిప్పితే ఊడే రకం, దొంగకు పనిముట్టు కూడా అవసరం పడలేదు.

రెండు చక్రాల్లో ఏది అంటే వెనకదే. గేర్లు ఉన్నందున ఖరీదూ ఎక్కువ, మళ్ళీ కొని బిగించడమూ ఎక్కువ పని. తాళం చిన్నదైతే అమెరికా మెకానిక్ షెల్డన్ బ్రౌన్ ప్రచారం చేసిన పద్ధతి ఉంది. సీటు కిందనుంచి వెనక ఇరుసు దాకా ఫ్రేమ్ ఒక త్రికోణం కడుతుంది కదా, ఆ త్రికోణం లోపల వెనక చక్రం రిమ్‌ని, టైరుని కలిపి స్తంభానికి వేయడం. ఫ్రేమ్ గొట్టం చుట్టూ తాళం లేకపోయినా, చక్రం ఆ త్రికోణంలోంచి బయటకు రాదు గనక ఫ్రేమ్ కూడా చిక్కుకుని ఉంటుంది. రిమ్‌ని కోసి తీయొచ్చు కదా అంటారు కొందరు. కోయొచ్చు, కానీ గాలి నిండిన టైరుతో బిగుసుకుని ఉన్న రిమ్‌ని కోయడం తేలిక కాదు, కోస్తే ఖరీదైన చక్రం చెత్తబుట్టకే. ఇంత తెలిసినా, తాళం సరిపడా పెద్దదైతే నేను ఫ్రేమ్ గొట్టాన్నీ కలిపే వేస్తాను.

రెండోది, తాళం లోపల ఖాళీ మిగలకూడదు. ఖాళీ ఉంటే అందులో ఇనుప గొట్టమో, కారు కింద పెట్టే జాక్ లాంటిదో దూర్చి విడదీస్తారు. పెద్ద యూ-లాక్ కంటే చిన్నది గట్టిదనడానికి కారణం ఇదే.

మూడోది, తాళం నేలకు తగలకూడదు. గొలుసు నేలమీద పడి ఉంటే ఆ నేలే దాగలి అవుతుంది, పైనుంచి సుత్తితో కొట్టడం సులువు. కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి ఒంటి బరువంతా రెండో పిడి మీద వేయడానికీ వీలు దొరుకుతుంది. వీలైనంత ఎత్తులో, బిగుతుగా, చెవి రంధ్రం కిందికి తిరిగి ఉండేలా వేయండి. రంధ్రం కిందికి ఉంటే వాన నీళ్ళు, దుమ్ము కూడా లోపలికి పోవు.

దేనికి కట్టాలి?

కట్టేముందు దాన్ని చేత్తో పట్టుకుని ఊపండి, పైకి లాగండి. బోర్డు స్తంభమైతే పైదాకా చూడండి, సైకిల్‌ని ఎత్తి పైనుంచి తీసేయగలరేమో. కొన్నిచోట్ల దొంగలు ముందే స్తంభం బోల్టులు విప్పి ఉంచుతారు, లేదా కమ్మీ కోసి టేపు చుట్టి పెడతారు. అందుకే కింద బోల్టుల దగ్గరా, కొత్తగా టేపు కనిపించిన దగ్గరా ఒక్క క్షణం ఆగండి. చిన్న చెట్లు, చెక్క కంచెలు, తీగ జాలీలు వద్దు.

పెద్ద సైకిల్ స్టాండులో చివరన, చీకట్లో కాకుండా జనం తిరిగేచోట పెట్టండి. అదే చోట, అదే వేళకు, రోజుల తరబడి పెడుతుంటే ఎవరో ఒకరు గమనించే వీలుంది. అప్పుడప్పుడు మార్చండి.

సీటు, ముందు చక్రం సంగతేమిటి?

లివర్ ఉన్న ఇరుసుల బదులు అలెన్ కీతో బిగించేవి, ఇంకా జాగ్రత్త కావాలంటే ప్రత్యేక చెవితో మాత్రమే విప్పేవి వేయించండి. సీటుకి చవకైన చిట్కా ఒకటుంది. పాత సైకిల్ చైను ముక్కని పాత ట్యూబులో దూర్చి, సీటు కింది కమ్మీల్లోంచి ఫ్రేమ్‌కి చుట్టి, చైను పిన్నుతో కలిపేయండి. ట్యూబు ఉంటే రంగు గీసుకుపోదు.

ఇంకోటి: సీటు బోల్టు తలలో అలెన్ కీ దూరే గుంటలో సరిగ్గా పట్టే చిన్న బాల్ బేరింగ్ పెట్టి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోయండి. కీ లోపలికి దిగదు. మీకు కావలసినప్పుడు సూదితో మైనం గీకేస్తే గుండు బయటకొస్తుంది. జిగురు వాడితే మాత్రం రేపు మీరే తిట్టుకుంటారు.

రెండు తాళాలు వేయాలా?

గంటలకొద్దీ వదిలేస్తే వేయండి, కానీ రెండూ ఒకే రకం వద్దు. యూ-లాక్ ఒకటి, గొలుసు ఒకటి ఉంటే దొంగ రెండు పనిముట్లు తేవాలి, లేదా ఒకే పని రెండుసార్లు చేయాలి. పక్కనే ఒక తాళం సైకిల్ ఉంటే దాని మీదకు పోతాడు. పక్కవాడికి ఇది న్యాయం కాదు, నిజమే.

డిస్క్ బ్రేకు, కార్బన్ ఫ్రేమ్ ఉంటే?

తాళం డిస్కులోంచి పోనివ్వకండి, ఎవరైనా సైకిల్‌ని తోసినా డిస్కు వంగిపోతుంది. కార్బన్ ఫ్రేమ్‌కి తగిలేచోట రబ్బరు తొడుగో మెత్తటి గుడ్డో ఉండాలి. యూ-లాక్ వేసి సైకిల్‌ని దాని మీద వాల్చకండి.

బ్లూటూత్ తాళాలు?

చెవి వెతుక్కోనక్కర్లేదు, ఎవరికైనా కాసేపు తెరిచే అనుమతి ఇవ్వొచ్చు. బావుంది. కానీ ఫోన్ చార్జీ అయిపోతే ఎలా తెరుచుకుంటుంది, తాళం బ్యాటరీ అయిపోతే ఎలా, కంపెనీ యాప్ ఆపేస్తే ఎలా అని కొనేముందే తెలుసుకోండి. ఎన్ని ఎలక్ట్రానిక్స్ ఉన్నా, తెగేది కడ్డీయే. ముందు దాన్ని చూడండి.

తాళానికి ఏ నూనె వేయాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చెవి బిగుసుకోగానే వంటింట్లో నూనె చుక్క వేస్తారు. వారం రోజులు వెన్నలా తిరుగుతుంది. తర్వాత అదే నూనె దుమ్ము పట్టి, జిడ్డు ముద్దలా మారి, లోపలి పిన్నులను అంటిస్తుంది. గ్రీజు కూడా అంతే.

సిలిండర్‌లోకి వెళ్ళాల్సింది ఆరిపోయే రకం లూబ్రికెంట్: పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) స్ప్రే, లేదా తాళాల కోసమే అమ్మే పల్చటి ద్రవం. గ్రాఫైట్ పొడి పాత పద్ధతి, పిన్నులున్న మామూలు సిలిండర్లకు బాగుంటుంది. అయితే ముందే నూనె ఉన్నచోట గ్రాఫైట్ వేస్తే నల్లటి ముద్ద అవుతుంది, రెండిటిలో ఒకటే. డిస్క్ సిలిండర్ ఉంటే పొడి జోలికి పోకుండా కంపెనీ చెప్పిన ద్రవమే వాడండి. డబ్ల్యూడీ-40 పేరులో మొదటి రెండు అక్షరాలకు అర్థం నీటిని తొలగించడం. తడిసిన తాళంలోంచి నీళ్ళు, మడ్డి తోసేయడానికి అది మంచిదే. ఆ పని అయ్యాక తుడిచి, అసలు లూబ్రికెంట్ వేయండి.

నేను చేసేది ఇది. రెండు నెలలకోసారి, బాగా వానలు పడితే నెలకే, రంధ్రం కిందికి పట్టుకుని అరచేతి మీద తాళాన్ని తడతాను, ఇసుక రాలుతుంది. సన్నటి గొట్టంతో స్ప్రే ఒక్క క్షణం లోపలికి కొడతాను. చెవి పెట్టి, తీసి, తెల్ల గుడ్డకి తుడుస్తాను. మొదటిసారి నల్లటి చార వస్తుంది. మళ్ళీ పెట్టి తిప్పి తుడుస్తాను. గుడ్డ మీద చార మాయమయ్యేదాకా, మామూలుగా నాలుగైదుసార్లు. యూ-లాక్ అయితే కాళ్ళు దూరే రంధ్రాల్లోనూ, కాళ్ళ గాడుల మీదా ఓ చుక్క వేస్తాను. చాలామంది మరిచిపోయేది ఈ గాడులనే. చెవి తిరిగినా కడ్డీ ఊడిరాకపోవడానికి కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది.

చెవి తిరగడం లేదు. ఏం చేయాలి?

బలవంతం చేయకండి. చెవి లోపల విరిగితే పని పదింతలవుతుంది. ముందు కడ్డీని సిలిండర్ వైపు లోపలికి నొక్కిపట్టి, ఆ ఒత్తిడి మీదే చెవిని మెల్లగా అటూ ఇటూ కదపండి. లోపలి బిగింపు మీద బరువు పడి ఉంటే ఇంతటితోనే తెరుచుకుంటుంది. కాకపోతే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. అరిగిన చెవికి బదులు ఎప్పుడూ వాడని రెండో చెవితో ప్రయత్నించండి. మంచు కురిసే చలిలో గడ్డకట్టి ఉంటే చెవిని చేతిలో వేడెక్కించి పెట్టండి. మరిగే నీళ్ళు పోస్తే ఇప్పుడు తెరుచుకున్నా, ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి.

గొలుసు తొడుగు, తుప్పు గురించి?

వానలో తడిసిన గుడ్డ తొడుగు లోపల రోజుల తరబడి తేమ పట్టి ఉంచుతుంది, తుప్పు మొదలయ్యేది కనబడని ఆ చోటే. ఇంటికి రాగానే వేలాడదీయండి. సముద్రపు గాలి తగిలే చోటయితే అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పైపై తుప్పుకి కంగారు వద్దు. లింకు గుంటలు పడి సన్నబడుతుంటేనే మార్చాలి.

చెవి పోతే?

కొన్న రోజే చెవితో పాటు వచ్చే నంబరును రాసి పెట్టుకోండి. చాలా కంపెనీలు ఆ నంబరుతో కొత్త చెవి చేసిస్తాయి, అది లేకపోతే ఏమీ చేయలేవు. రెండో చెవి ఇంట్లో ఉండాలి, అదే గుత్తిలో కాదు. చెవి ఫొటో ఎక్కడా పెట్టకండి. పళ్ళు స్పష్టంగా కనబడితే ఫొటో చూసి నకలు చేయగలవాళ్ళున్నారు.

తాళాన్ని ఎలా మోయాలి?

ఫ్రేమ్‌కి బిగించే బ్రాకెట్, సంచి, లేదా వెనక క్యారియర్. మెడలోనో, భుజానికి అడ్డంగానో గొలుసు వేసుకోకండి, పడితే వెన్నెముక మీద పడతారు. హ్యాండిల్‌కి వేలాడేస్తే ఏదో ఒక మలుపులో ముందు చక్రం చువ్వల్లో ఇరుక్కుంటుంది.

ఇన్ని చేసినా పోతే?

అందుకోసం ఇవాళే ఒక పని చేయండి. సైకిల్‌ని బోర్లా తిప్పితే పెడళ్ళ ఇరుసు కింద ఫ్రేమ్ మీద చెక్కిన నంబరు కనబడుతుంది, అక్కడ లేకపోతే సీటు గొట్టం మీదో, హ్యాండిల్ కిందో వెతకండి. బురద తుడిచి దాన్ని ఫొటో తీయండి. సైకిల్ మొత్తం ఫొటో ఒకటి, గీతలు సొట్టలు ఉన్నచోట దగ్గరగా ఒకటి. పోలీసులు అడిగే మొదటి ప్రశ్న ఆ నంబరే, అది లేక దొరికిన సైకిల్‌ని కూడా నాదేనని చెప్పుకోలేక చూస్తూ ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు.